కనబడని వేదన – కనవలసిన ధర్మము

‘వేదన’ యను పదము ‘విద్’ ధాతువునుండి పుట్టినది. ఆ ధాతువునకు తెలియుట యని అర్థము. వేదము, విద్య, విద్వాంసుడు మున్నగు పదములును ఆ ధాతువునుండి వచ్చినవే. నొప్పికి ఈ పేరు కలుగుట వింతగా తోచవచ్చును గాని, ఆలోచించినచో ఇంతకంటె తగిన పేరు లేదు. పుండు పరులకు కనబడును. వాపు కనబడును. జ్వరము చేయి పెట్టి చూచినవారికి తెలియును. నొప్పి మాత్రము అనుభవించువానికే తెలియును. అది యున్నదనుటకు వాని మాటయే ప్రమాణము. ఆ మాటను నమ్మనిచో, అంతర్యామి యైన భగవంతుడు తప్ప వేరు సాక్షి లేడు.

నొప్పులన్నింటిలో నరముల నొప్పి విషయమున ఈ మాట మరింత సత్యము. దీనిని గూర్చి ఆస్తిక గృహములందు ఒక సందేహము తరచుగా వినబడుచుండును. ‘ఇది పూర్వకర్మఫలము గదా! భగవంతుని నమ్మినవాడు ఓర్చుకొనవలెను గాని, నొప్పి తగ్గుటకు మాత్రలు మ్రింగవచ్చునా? అట్లు మ్రింగుట శరణాగతికి కొరత గాదా?’ అని. ఈ సందేహము చిన్నది కాదు. దీనివలన ఎందరో వృద్ధులు నిద్రలేక రాత్రులు గడపుచున్నారు. కావున దీనిని శాస్త్రముతోను, లోకానుభవముతోను పరిశీలింపవలసియున్నది.

హైదరాబాదు నగరపు తూర్పుభాగమున, తార్నాకకును నాచారమునకును నడుమ లాలాపేట కలదు. చేరువనే లాలాగూడ రైల్వే కర్మాగారము. పేటలో విజయ పాల డెయిరీ. ఆవల నాచారము పారిశ్రామికవాడ. ఒడలు వంచి పనిచేయువారును, పనిచేసి విశ్రాంతి పొందినవారును నివసించు ప్రదేశమిది. ఇచ్చటి వైష్ణవ కుటుంబములవారు ఉప్పల్ కూడలిలో బస్సెక్కి యాదగిరిగుట్టకు పోయి, నరసింహస్వామిని సేవించి, సాయంకాలమునకు ఇల్లు చేరుదురు.

ఇట్టి పేటలో ఒక వృద్ధురాలిని తలంచుకొందము. ఆమె కథ ఒక్కరిది కాదు. ఏ వీధిలోనైనను కనబడునది. భర్త రైల్వే కర్మాగారమున పనిచేసి కొంతకాలము క్రిందట పరమపదించెను. కుమారుడు, కోడలు, ఇద్దరు మనుమలు ఆమెతో నున్నారు. పదునైదేండ్లుగా ఆమెకు చక్కెర వ్యాధి. ధనుర్మాసమున తెల్లవారకమునుపే గుడికి పోయి తిరుప్పావై గోష్ఠిలో కూర్చుండుట చిన్ననాటినుండి ఆమెకు అలవాటు.

రెండేండ్లనుండి ఆమె పాదములు మండుచున్నవి. పగలు పనులలో కొంత మరపుండును. రాత్రి పడుకొనగానే మంట మొదలగును. నిప్పులపై నిలిచినట్లు, సూదులు గ్రుచ్చినట్లు, ఉండియుండి కరెంటు తగిలినట్లు తోచును. దుప్పటి అంచు పాదమునకు తగిలినను ఓర్వలేదు. మాఘమాసపు చలిలో సైతము పాదములు దుప్పటి వెలుపల పెట్టుకొనును. అదియు చాలనినాడు లేచి తడిబండపై నిలుచుండును. తెల్లవారిన పిదప చూచినచో పాదములకు ఎఱ్ఱదనము లేదు, వాపు లేదు. ‘ఏమియు లేదే!’ అని ఇంటివారందురు.

ఒక ఉగాదినాడు మనుమలును, వారి వెనుక కోడలును వచ్చి ఆమె పాదములకు నమస్కరింపబోయిరి. వ్రేళ్ళు తగులునంతలో ఆమె చటుక్కున కాళ్ళు వెనుకకు లాగుకొనెను. పిల్లలు నవ్విరి. కోడలు నవ్వలేదు. ‘నా నమస్కారము కూడ అత్తయ్యకు పనికిరాలేదు’ అని మనసులో పెట్టుకొనెను. పైకి చెప్పని ఆ మాట నెలల తరబడి ఆ యింట అన్నము వడ్డించుటలోను, నీళ్ళిచ్చుటలోను తెలియుచునే యుండెను. ఆ యేటి ధనుర్మాసమున వృద్ధురాలు గుడికి పోలేదు. చలిబండపై పాదములు మోపి కూర్చుండజాలకపోయెను. ‘వయసుతోపాటు భక్తియు సన్నగిల్లినది’ అని గోష్ఠిలోనివారు అనుకొనిరి.

వైద్యుడు ఆమెకు మాత్రలు వ్రాసి యిచ్చెను. పొరుగున నొకరు చీటి చూచి, ‘ఇవి మనసు చెదరినవారికిచ్చు మాత్రలు’ అనిరి. ఆమె వానిని అలమరలో పెట్టి, ‘నా ప్రారబ్ధమిది. స్వామి ఎంతవరకు అనుభవింపుమనునో అంతవరకు అనుభవింతును’ అనెను. వినువారికి ఇది గొప్ప భక్తివాక్యముగా తోచును. కాని ఆ మాటలో భక్తి యెంత? తన మాట నమ్మువారు లేరను నిరాశ యెంత? ఇది విచారింపదగినది.

శరీరమందలి నరములు వార్తాహరుల వంటివి. కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నచో ఆ వార్తను మెదడునకు చేర్చుట వాని పని. అట్టి నొప్పి మేలు చేయునదే. ముల్లు తీయించునది అదియే. నరమే దెబ్బతిన్నపుడు, వార్త లేకయే వార్తాహరుడు కేక వేయును. ముల్లు లేదు, కేక మాత్రము కలదు. ఇదియే నరముల నొప్పి. కావుననే పాదమున ఏమియు కనబడదు. చెడినది లోపలి నరము.

చిరకాలపు చక్కెర వ్యాధి దీనికి ముఖ్యకారణములలో నొకటి. అక్కి లేచి మానిన పిదప ఆ చోటనే నెలల తరబడి మంట నిలిచిపోవుటయు కలదు. కుమ్మరిచే అక్కి వ్రాయించుకొని, పొక్కులు మాడినవని తృప్తిపడిన వృద్ధులను కూడ ఆ మంట విడువదు. వెన్నెముకనుండి వెలువడు నరము ఒత్తుకొనినపుడు పిరుదునుండి మడమవరకు లాగు నొప్పిని ఆయుర్వేదము గృధ్రసి యన్నది. కుష్ఠువ్యాధి మందులతో నయమైన పిదపను, దెబ్బతిన్న నరములు కొందరిని బాధించుచునే యుండును. సుశ్రుతసంహితయందలి నిదానస్థానము వాతవ్యాధులతోనే ప్రారంభమగును. అందు పాదదాహము, పాదహర్షము అను రెండు వ్యాధులు వేరువేరుగా చెప్పబడినవి. మొదటిది పాదముల మంట; రెండవది జలదరింపుతో గూడిన తిమ్మిరి. కావున లాలాపేట వృద్ధురాలి బాధ క్రొత్తది కాదు, కల్పితమును కాదు. దానికి వేల యేండ్లనాడే మన వైద్యులు పేరు పెట్టియున్నారు.

లాలాపేటకు అనతిదూరమున, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ కలదు. దాని పుట్టుక ఈ విషయమున గొప్ప పాఠము. 1918లో నీలగిరులందలి కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకు ఒక్క గదిలో పని ప్రారంభించెను. ఆ చిన్న శాఖయే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో ఇప్పటి పేరు దాల్చెను. బెరిబెరి నరములను చెఱచు వ్యాధి. పాదములలో తిమ్మిరి, మంట కలిగి, పిమ్మట నడక పడిపోవును. ఆంధ్రతీరమున, నాటి ఉత్తర సర్కారులందు, ఈ వ్యాధి యుండెను. మాల్కంసన్ అను వైద్యుడు 1835లోనే దీనిపై మద్రాసున ఒక గ్రంథము ప్రచురించెను.

ఆ కాలమున ఎందరు తల్లులు ‘ఇది మా కర్మము’ అని ఓర్చుకొనియుందురో! కారణము తుదకు బియ్యపు తవుడులో దొరకెను. బియ్యమును తెల్లగా పాలిషుపట్టి తవుడు తీసివేయగా, దానితోపాటు థయమిన్ అను విటమినును పోవుచుండెను. 1890ల దశకమున జావా ద్వీపములో ఐక్‌మన్ అను వైద్యుడు పాలిషు బియ్యము తిన్న కోళ్ళకు నరముల వ్యాధి కలుగుటను, తవుడు గల బియ్యము పెట్టగా అది తగ్గుటను కనుగొనెను. ఆ కృషికి 1929లో నోబెల్ బహుమానము లభించెను. జనులు విధివ్రాత యనుకొనినదానిని ఒక పిడికెడు తవుడు తుడిచివేసినది. ఇందువలన కర్మసిద్ధాంతము అసత్యమని తేలలేదు. కర్మమను పేరుతో కారణమును వెదకకుండుట తప్పని మాత్రము తేలినది.

తరువాతి కాలమున ఈ సంస్థకే డైరెక్టరైన డాక్టర్ సి. గోపాలన్ 1946లో పాదముల మంటను గూర్చియే ఒక వ్యాసము ప్రచురించెను. పోషకాహారలోపము గల రోగులకు పాంటోథెనిక్ ఆమ్లము ఇచ్చినపుడు మంట తగ్గినదని అందు తెలిపెను. పాదములు మండువారందరికి అదే కారణమని దీని యర్థము కాదు. పైకి ఏమియు కనబడకున్నను రోగి మాటను నమ్మి వెదకినవానికి కారణము దొరకునని దీని యర్థము.

నేడు శాకాహార గృహములు గమనింపవలసినది మరియొకటి కలదు. విటమిన్ బి12 ధాన్యములందును కూరగాయలందును లేదు. శాకాహారులకు పాలు, పెరుగులే దానికి ఆధారము. వయసు మళ్ళినవారిలో అనేకులకు అదియు సరిగా ఒంటబట్టదు. చక్కెర వ్యాధికి విరివిగా వాడు మెట్‌ఫార్మిన్ మాత్రను దీర్ఘకాలము వాడుటచేతను అది తగ్గవచ్చును. బి12 కొరవడినచో నరములు చెడును. రక్తపరీక్షచే ఈ లోటు తెలియును. మాత్రలచేతనో సూదిమందుచేతనో పూరింపవచ్చును. ఆలస్యము చేసినచో నరములు పూర్తిగా కోలుకొనకపోవచ్చును. సాత్త్వికాహార నియమమును విడువనక్కరలేదు. పరీక్షను మాత్రము విడువరాదు.

ఇక కర్మ విషయము. నొప్పి ప్రారబ్ధమనువారు, మందు ప్రారబ్ధములోనిది కాదని యెట్లు నిశ్చయించిరో చెప్పవలెను. ఒక్క చక్రముతో రథము నడవనట్లు పురుషప్రయత్నము లేక దైవము ఫలింపదని యాజ్ఞవల్క్యస్మృతి తెలిపినది. చరకుడు విమానస్థానమున ఆయువు దైవపురుషకారములు రెండింటిపై ఆధారపడునని నిరూపించెను. సర్వము ముందే నిర్ణీతమైనచో ఔషధములును శాంతులును వ్యర్థములగునని వాదించెను. ఆకలియు కర్మానుసారమే కలుగును. అయినను ఆకలిగొన్నవాడు అన్నము తినుచున్నాడే గాని, కర్మను ఎదిరించుచున్నానని భయపడుట లేదు. ఆకలికి అన్నము తప్పు కానిచో, నొప్పికి మందు ఎట్లు తప్పగును?

ఇందు ఇంకొక యపాయము కలదు. ‘ఇది నా కర్మము’ అని తన్ను గూర్చి చెప్పుకొనుట వినయము కావచ్చును. ‘అది ఆమె కర్మము’ అని పరులను గూర్చి చెప్పుట కాఠిన్యమగును. మాట ఒక్కటియే, పలుకు నోరు మారినంతనే దాని ధర్మము మారిపోవుచున్నది. లాలాపేట గృహమున వృద్ధురాలు ఆ మాట అనెనని ఇంటివారు ఊరకుండిరి. ఆమె వినయము వారి యుపేక్షకు చాటు కారాదు.

శరణాగతికి కొరత యగునను మాటయు నిలువదు. ప్రపన్నుడు భగవంతుని తప్ప వేరుపాయమును ఆశ్రయింపరాదని పూర్వాచార్యులు చెప్పినది మోక్షమును గూర్చి. మాత్ర మోక్షోపాయము కాదు. పాదముల మంటకు మాత్ర వేసికొనువాడు వైకుంఠమును మాత్ర యిచ్చునని భావించుట లేదు. మరియు ఈ దేహము శేషియైన భగవంతుని సొత్తు. యజమానుని సొత్తును శిథిలము కానిచ్చు సేవకుడు నమ్మకము గలవాడనిపించుకొనడు; దానిని కైంకర్యమునకు తగినట్లు నిలుపుకొనుటయే సేవకుని ధర్మము.

గురుపరంపరలో కూరేశుల చరిత్రము ఇందుకు సాక్ష్యము. చోళరాజసభలో కన్నులు కోల్పోయిన ఆ మహనీయునికి చూపుపై ఆశ లేకుండెను. శ్రీరంగమునకు తిరిగివచ్చిన భగవద్రామానుజులు ఆయనను కాంచీపురమునకు గొనిపోయి, వరదరాజస్వామిని స్తుతించి కన్నులు వేడుమని ఆజ్ఞాపించిరి. శిష్యుడు తొలుత తన కన్నులనడుగక, ఆ యాపదకు కారకుడైన నాలూరానునకు సద్గతి నడిగెనట. అయినను ఆచార్యులు విడువలేదు. కన్నులకై ప్రార్థింపుమనియే నిర్బంధించిరి. వైరాగ్యము శిష్యుని సొమ్ము. ఆ శిష్యుని బాధ తీరవలెనను తపన ఆచార్యుని సొమ్ము. రెండును ధర్మములే. శిష్యుని వైరాగ్యమును మెచ్చి ఆచార్యులు ఊరకుండలేదను సంగతి మరువరాదు.

నారాయణ భట్టతిరి వాతరోగముతో పీడితుడై గురువాయూరు సన్నిధిని నారాయణీయమును రచించెను. నూరు దశకముల ఆ స్తోత్రమున దశకాంతమందెల్ల రోగశాంతికై ప్రార్థన కలదు. ‘నొప్పి తగ్గింపుమని అడుగుట నీచము’ అని ఆ భక్తుడు తలంపలేదు. గీతయందు భగవానుడు తన్ను భజించు సుకృతులను నాలుగు విధములుగా చెప్పుచు, వారిలో ఆర్తుని చేర్చెను. యాదగిరిగుట్టలో దీర్ఘరోగులు మండలకాలము ప్రదక్షిణములు చేయుదురు. ఆ స్వామిని భక్తులు వైద్య నరసింహుడని పిలుతురు. వైద్యుడని స్వామిని కొలుచుచు, వైద్యమును స్వామికి విరోధమనుట పొసగదు. వ్రతములు చెడునను భయమును అక్కరలేదు. వ్రతమునకు భంగము కలిగింపని వానిని మహాభారతము ఎనిమిదింటిని పేర్కొని, నీరు పాలు ఫలములతోపాటు ఔషధమును కూడ అందు చేర్చినది.

‘గీతలోనే శీతోష్ణములను, సుఖదుఃఖములను ఓర్చుకొనుమని ఉన్నది గదా!’ అని యడుగవచ్చును. ఉన్నది. అది ఎవరికి చెప్పబడినది? కర్తవ్యమును విడిచి కూలబడిన అర్జునునకు, అతడు లేచి తన కర్తవ్యము చేయుటకు చెప్పబడినది. తితిక్ష కర్తవ్యమునకు సాధనము. కర్తవ్యమును చెఱచు ఓర్పు తితిక్ష కాదు. ఆ గీతలోనే పదునేడవ అధ్యాయమున, శాస్త్రము విధింపని ఘోరతపస్సుతో శరీరమును, అందున్న తన్నును పీడించువారిని భగవానుడు ఆసురనిశ్చయులనెను. ఆరవ అధ్యాయమున యోగము దుఃఖనాశకమని చెప్పుచు, మితమైన ఆహారముతోపాటు తగిన నిద్రను కూడ విధించెను. నరముల నొప్పి మొట్టమొదట హరించునది ఆ నిద్రనే. నిద్ర పోగా జపము పోవును, శాంతము పోవును, ఇంటివారితో మాట కఠినమగును. ఇట్టి ఓర్పుచే ఏ ధర్మము నిలిచినది?

అయినచో తితిక్షకు చోటు లేదా? కలదు. అది తెలియుటకు వైద్యపు మంచిచెడ్డలు కొంత తెలిసికొనవలెను. సామాన్యమైన నొప్పిమాత్రలు నరముల నొప్పిపై అంతగా పనిచేయవు. కొన్నింటిని అదేపనిగా మ్రింగినచో మూత్రపిండములకు చేటు. దీనికి వైద్యులు అమిట్రిప్టిలిన్, డులాక్సెటిన్, గాబాపెంటిన్, ప్రిగాబలిన్ మున్నగు మందులను వాడుదురు. వీనిలో మొదటి రెండు మనోవ్యాకులతకును ఇచ్చునవే. ఆ కారణమున రోగికి మతిచెడినదనుకొనుట అజ్ఞానము. ఒకే కాలువ నీరు వరికిని చెఱకునకును పారినట్లు, ఒకే మందు రెండు చోట్ల పనిచేయుచున్నది; నొప్పి వార్తలు మెదడునకు పోవు త్రోవలో వాని వేగమును తగ్గించుచున్నది. స్వల్పముగా ప్రారంభించి క్రమముగా పెంచుదురు. ఫలము కనబడుటకు వారములు పట్టవచ్చును. మగత, నోరెండుట, తల తిరుగుట కలుగవచ్చును గనుక వృద్ధులు పడిపోకుండ చూచుకొనవలెను. వైద్యునికి చెప్పక హఠాత్తుగా మానరాదు. అన్నింటికి మించి, చక్కెరను అదుపులో నుంచుకొనవలెను.

ఇంత చేసినను చాలమందికి నొప్పి సమూలముగా పోదు. సగమునకు తగ్గినను మంచి ఫలమని వైద్యులు భావింతురు. కొందరికి అంతయు తగ్గదు. అందుచేతనే వారు నొప్పి సున్నకును పదికిని నడుమ ఎంత యని అడుగుటతో సరిపెట్టక, అది జీవితమును ఎంత చెఱచుచున్నదో కూడ అడుగుదురు. బ్రీఫ్ పెయిన్ ఇన్వెంటరీ అను ప్రశ్నావళిలో దినచర్య, మనస్థితి, నడక, పని, ఇతరులతో సంబంధము, నిద్ర, జీవితమందలి ఆనందము అను ఏడింటిని గూర్చి ప్రశ్నలు కలవు. నొప్పి ఎనిమిదినుండి నాలుగునకు దిగి, ఆ నాలుగుతో రోగి నిద్రపోగలిగినచో, గుడికి పోగలిగినచో, మనుమలతో నవ్వగలిగినచో చికిత్స సార్థకమైనట్లే. మందు తీర్చగలిగినది తీర్చిన పిదప మిగిలిన ఆ నాలుగే తితిక్షకు తగిన చోటు. మందు తీర్చునది కూడ భరింపుమనుట తితిక్ష కాదు. మిగిలినదానిని భగవన్నామముతో భరించుట తితిక్ష.

ఆ తితిక్షయు ఒకరు తమకు తాము కోరి వహింపవలసినదే గాని, పరులపై మోపదగినది కాదు. యామునాచార్యుల వ్రణవ్యాధిని మారనేరి నంబి ప్రసాదముగా యాచించి తన మేన ధరించెను. ఆ కథ విని కన్నీరు పెట్టనివారు లేరు. కాని ఆ నొప్పిని ఆయన తానై కోరుకొనెను. ఆచార్యులు శిష్యునిపై మోపలేదు. ఆ మహానుభావుని త్యాగమును చూపి, కోరని నొప్పితో మూలుగుచున్న మరియొకరిని ‘ఓర్చుకొనుము’ అనుట ఆయన చరిత్రమును అపార్థము చేయుటయే.

నొప్పిని అధ్యయనము చేయు అంతర్జాతీయ సంఘము 2020లో తన నిర్వచనమును సవరించి, నొప్పి కలదని ఒకరు చెప్పిన మాటను గౌరవింపవలెనని దానికి చేర్చెను. ‘వేదన’ యను పేరు పెట్టిన మన పెద్దల యభిప్రాయమే నేడు వైద్యశాస్త్రపు వాక్కుగా వెలువడినది. ఇతరుల సుఖదుఃఖములను తనవానితో పోల్చి చూచువాడే పరమయోగి యని గీత చెప్పినది. నంజీయరుల మాట అంతకంటె సూటియైనది. పరుల దుఃఖమును చూచి ‘అయ్యో’ యని మనసు కరగినవానికి వైష్ణవత్వము కలదట. ‘పడనిమ్ము’ అనుకొనినవానికి లేదట. ఊర్ధ్వపుండ్రము నొసట కనబడును. ఈ గుర్తు ఎదుటివాని కష్టకాలమున కనబడును.

ఈ ధర్మము గృహమునకే గాక సమాజమునకును చెందినది. కొన్ని క్యాన్సరులు నరములను పట్టి దుస్సహమైన నొప్పి కలిగించును. మాదకద్రవ్యముల చట్టము 1985లో వచ్చిన పిదప మార్ఫిన్ వంటి మందులు అట్టి రోగులకు సైతము దొరకుట కష్టమయ్యెను. 2014లో చట్టమును సవరించి ఆ యిబ్బందిని తగ్గించిరి. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో నొప్పి నివారణకు, ఉపశమన సేవకు ప్రత్యేకముగా వైద్యులు పనిచేయుచున్నారు. వ్యాధి తీరనిచోటను నొప్పి తీర్పదగినదే యని ఆ సేవ తెలుపుచున్నది.

యాత్రికులు తెలిసికొనదగినది ఇంకొకటి. మండు పాదమునకే స్పర్శ సరిగా తెలియకపోవుటయు కలదు. అట్టివారు అలిపిరి మార్గమున 3,550 మెట్లు వట్టికాళ్ళతో ఎక్కినపుడును, మధ్యాహ్నపు ఎండలో కాగిన బండలపై నడచినపుడును, బొబ్బ లేచినను రాయి గ్రుచ్చుకొన్నను ఎరుగరు. చిన్న గాయమే ముదిరి కాలు తీయవలసి రావచ్చును. కావున వైద్యుని అడిగియే నడకయాత్ర సంకల్పింపవలెను. ఎండ లేనివేళ దర్శనమునకు పోవలెను. రాత్రి పడుకొనుటకు మునుపు అరికాళ్ళను ఇంటివారిచే చూపించుకొనవలెను. వేడినీటిని ముందుగా వేరొకరు చేతితో చూచిన పిదపనే పాదములపై పోసికొనవలెను. స్వామి పాదముల చెంతకు చేర్చు పాదములను కాపాడుకొనుటయు యాత్రాధర్మమే.

మరల లాలాపేట గృహమునకు పోదము. ఆ యింట మార్పు మందుతో మొదలు కాలేదు. ఒక ప్రశ్నతో మొదలైనది. ఒకనాటి రాత్రి రెండు గంటలవేళ కోడలు నీటికై లేచి, వంటయింటి తడిబండపై అత్తగారు గోడ పట్టుకొని నిలిచియుండుట చూచెను. ఆ నిలుచున్న తీరు చూడగానే ఉగాదినాడు వెనుకకు జరిగిన పాదములు ఆమెకు జ్ఞప్తికి వచ్చెను. దీపము వేయలేదు. ప్రక్కన కూర్చుండి, ‘అత్తయ్యా! ఆ మంట ఎట్లుండునో నాకు చెప్పండి’ అనెను. రెండేండ్లలో ఆ ప్రశ్న అడిగినవారు లేరు. వృద్ధురాలు చాలసేపు చెప్పెను, తుదకు ఏడ్చెను. తెల్లవారిన పిదప ఇద్దరును కలిసి వైద్యునికడకు పోయిరి. రక్తపరీక్షలో బి12 తక్కువగా తేలినది. అలమరలోని మాత్రలకు బదులు క్రొత్తవి వచ్చెను.

రెండు నెలలకు ఆమె రాత్రి నాలుగైదు గంటలు ఏకధాటిగా నిద్రపోవుచుండెను. మంట పోలేదు, తగ్గినది. మిగిలినదానికి ‘గోవిందా’ యని ప్రక్కకు ఒత్తిగిలుచుండెను. మరుసటి ధనుర్మాసమున మనుమడు చెక్కపీట పట్టుకొని ముందు నడువగా, ఆమె గోష్ఠికి వచ్చెను. పిమ్మటి ఉగాదినాడు పిల్లలును, కోడలును ఆమె యెదుట నేలకు శిరసు తాకించి, పాదములు ముట్టకయే నమస్కరించిరి. ఆమె పాదములు వెనుకకు తీయలేదు.

చెప్పిన నొప్పిని నమ్ముట, దాని కారణమును వెదకుట, తీరునంత తీర్చుట, తీరనిదానిని కలిసి మోయుట – ఇవి భక్తికి విరోధములు కావు. గృహస్థుని చేతికి అందిన భగవత్కైంకర్యములు. నేటి రాత్రి ఏ యింట ఏ వృద్ధురాలు చీకటిలో మేలుకొని యున్నదో, ఆమె చెంతకు ‘ఎట్లున్నది?’ అని యడుగు ఒక స్వరమును శ్రీనివాసుడు పంపుగాక! ఆ స్వరము మన గృహములనుండియే వెలువడుగాక!